బాలింతకి సెలవెవడిచ్చాడు?

మా ఇంట్లో పిల్ల పుట్టి డెబ్బై రోజులైంది. మొదటి కాన్పు. ఆడపిల్ల. పుట్టినప్పుడు రెండు కిలోల ఆరువందల గ్రాములు, ఇప్పుడు నాలుగు కిలోల పైచిలుకు.

ఉద్యమ పత్రికలో పసిపిల్ల సంగతేమిటని అడిగేవాళ్ళుంటారు. దాడుల మీద రాయండి, భూమి మీద రాయండి, రిజర్వేషన్ల మీద రాయండి, ఇంట్లో ఉయ్యాల గొడవ పత్రికకెందుకు అంటారు. మేమూ మొన్న మార్చి దాకా అలా అన్నవాళ్ళమే. ఇప్పుడు అనడం లేదు. ఎందుకు అనడం లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాం. ఇద్దరం కలిసే రాస్తున్నాం. ఒకరు రాస్తుంటే ఒకరు పిల్లనెత్తుకుని తిరుగుతున్నాం కాబట్టి అక్కడక్కడా వరస తప్పితే సర్దుకుని చదవండి.

ముందు, మాకెవరూ చెప్పని సంగతి. పసిపిల్ల రోజుకి పదహారు గంటలు నిద్రపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, పోతుంది. కానీ ఒక గంట ఇప్పుడు, ముప్పావుగంట తర్వాత, ఇరవై నిమిషాలు తెల్లారుజామున. పాలు రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగాలి. ఒకసారి తాగడానికి అరగంట పడుతుంది. తాగాక తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవాలి. అంతలో గుడ్డ తడుపుతుంది. గుడ్డ మార్చేసరికి మళ్ళీ నోరు తెరుస్తుంది. లెక్క వేసుకోండి, ఇందులో తల్లి కన్ను మూసేదెప్పుడు? ఆమెకి కుట్లు పడ్డాయి, రక్తం పోయింది, నడుం నిలబడటం లేదు. ఆ ఒంటితోనే ఈ డ్యూటీ. ఏ ఫ్యాక్టరీలోనైనా మూడు షిఫ్టులూ ఒక్క మనిషి చేత చేయిస్తే మనం గేటు ముందు జెండా పాతుతాం. ఇంట్లో అయితే "ఆడదన్నాక తప్పుతుందా" అంటాం.

మేముండేది గుంటూరులో, ఒకరి మేడ మీద వేసిన రేకుల గదిలో. ఏప్రిల్లో పిల్ల పుట్టింది. ఆ తర్వాత రోహిణి కార్తె. రేకుల కింద మధ్యాహ్నం పూట మనిషే నిలవలేడు, పిల్ల ఏం నిలుస్తుంది? తడిగుడ్డలు కట్టి, విసనకర్ర విసురుతూ కూర్చున్నాం. పాలు బాగా పడాలని పిల్ల అమ్మమ్మ సొరపిట్టు చేసింది. కిందనించి ఇల్లుగలావిడ పైకొచ్చి, "ఆ వాసనేమిటమ్మా, మేం పూజలు చేసుకునేవాళ్ళం" అంది. అద్దెకి దిగినప్పుడు "మీరేమిట్లు?" అని అడిగితే మేం దాచుకోకుండానే చెప్పాం. అప్పుడు పర్వాలేదంది. ఇప్పుడు పసిపిల్ల ఏడుపు, సొరపిట్టు వాసన, చూడ్డానికొచ్చే చుట్టాల చెప్పుల వరస, అన్నీ కలిపి చూసేసరికి పర్వాలేకుండా పోయింది. వచ్చే నెలకి ఇల్లు చూసుకోమంది. చూసుకుంటున్నాం. దాని గురించి ఇంకోసారి రాస్తాం.

ఇప్పుడు అసలు మాట. పిల్ల పుట్టిన ఇరవయ్యో రోజున మధ్యాహ్నం మూడింటికి బాలింత ఒళ్ళెరక్కుండా నిద్రపోతోంది. పిల్ల నాయనమ్మ అప్పుడే ఊర్నించి దిగింది. చూసి, "నేను పదకొండోరోజే మిరపకోతకి పోయాను. ఈ కాలం పిల్లలు సుకుమారం" అంది. ఇది మా ఇంట్లోనే కాదు, ప్రతి పల్లెలోనూ వినపడే మాట. "మీ అమ్మ గట్టుమీద కని, బొడ్డు కొడవలితో కోసి, సాయంత్రానికి గడ్డిమోపు నెత్తిన పెట్టుకొచ్చింది" అని గొప్పగా చెప్పుకుంటాం. మన కవులు పాటలు కట్టారు. మన ఉపన్యాసాల్లో చప్పట్లు కొట్టించే మాట ఇదే. దళిత స్త్రీ బలం, దళిత స్త్రీ శ్రమ, దళిత స్త్రీ మట్టిమనిషి అంటూ మనమే ఊదరగొడతాం.

మేం అడుగుతున్నాం. ఆమె పదకొండోరోజు కోతకి ఎందుకు పోయింది? బలం ఎక్కువై పోయిందా? పోకపోతే ముఠామేస్త్రి ఇంకొకర్ని పెట్టుకుంటాడు. కామందు దగ్గర కాన్పు కోసం తెచ్చిన అప్పు ఉంది. ఇంట్లో గింజల్లేవు. అందుకు పోయింది. పచ్చిబాలింతని ఎండలో నిలబెట్టి మిరపకాయలు కోయించుకున్నవాడి దోపిడీని మనం ఆమె గొప్పతనం కింద జమ వేసుకుంటున్నాం. దోచినవాడికి ఇంతకంటే ఏం కావాలి? దోపిడీకి పాట కూడా మనమే కట్టి పెడుతున్నాం.

ఆ రాత్రి కరెంటు పోయింది. ముగ్గురం బయట కూర్చున్నాం. పిల్ల నాయనమ్మ ఒడిలో ఉంది. అప్పుడు అడిగాం, పదకొండోరోజు ఎలా పోయావు అని. ఆమె చెప్పింది. గట్టుమీద తుమ్మచెట్టుకి పాతచీరతో ఉయ్యాల కట్టింది. పిల్లాడు ఏడిస్తే వినపడుతుంది గాని పోవడానికి లేదు, సాలు అయ్యేదాకా మేస్త్రి ఊరుకోడు. రవికె అంతా పాలతో తడిసేది. సాలు అయ్యాక పరుగెత్తుకుపోయేది. పోయాక పిల్లాణ్ణి ముట్టుకోవడానికి లేదు. మిరపకాయలు కోసిన చేతులు. ముట్టుకుంటే పిల్లాడి ఒళ్ళు మండుతుంది. కాలవలో మట్టి పెట్టి రుద్దుకున్నా ఘాటు పోదు. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, రొమ్ము మాత్రం నోటికి అందించేదట. పక్కన ఇంకో కూలమ్మ రవికె తప్పించి పట్టుకునేదట. ఆ పిల్లాడే ఇవాళ ఇది రాస్తున్న ఇద్దరిలో ఒకడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, ఈ సంగతి వాడికి మొన్ననే తెలిసింది. "పదకొండోరోజే పోయాను" అన్న గొప్ప తెలుసుగాని, చేతులు వెనక్కి పెట్టుకున్న సంగతి తెలియదు.

అంతా చెప్పి ఆమె ఒకటే అంది: "నన్ను పడుకోమ్మా అని చెప్పినోళ్ళు ఎవరున్నార్రా."

తెల్లారి నుంచి ఆమె కోడల్ని ఒక్క మాట అనలేదు. పగలు తలుపు దగ్గరికేసి, వచ్చినవాళ్ళని బయటే కూర్చోబెట్టింది.

ఈ నాయనమ్మకి తల్లి మంత్రసాని. ఊళ్ళో పెద్దకులాల ఇళ్ళల్లో కాన్పులన్నీ ఆమె చేతుల మీదే. పిలుపు దొడ్డిగుమ్మం నుంచి వచ్చేది. పురిటిగది పెరట్లో ఓ మూల. పిల్లాణ్ణి బయటికి లాగిన చెయ్యి ఆమెది, బొడ్డు కోసిన చెయ్యి ఆమెది, మొదటి స్నానం పోసిన చెయ్యి ఆమెది. పదకొండోరోజున పురుడు కడిగి ఇల్లు శుద్ధి చేసుకున్నాక ఆ చెయ్యే అంటరానిది. చేటెడు బియ్యం, ఓ పాతచీర ఇచ్చి పంపేవాళ్ళు. అదే పిల్లాడు పెద్దయ్యాక ఆమెని "ఏమే" అని పిలిచాడు. తెలుగునాట చాలా ఊళ్ళల్లో మంత్రసానులు మంగలి, చాకలి, మాల మాదిగ ఆడవాళ్ళే. ఒకరింట్లో బాలింతకి నలభై రోజుల విశ్రాంతి సాగాలంటే ఇంకొకరింట్లో బాలింత పదకొండోరోజు లేవాలి. పురుడు పేరుతో వాళ్ళు చెప్పిన మడి మనల్ని దూరం పెట్టడానికి పనికొచ్చింది గాని, మన బాలింతకి ఒక్క పూట నిద్ర తెచ్చిపెట్టలేదు. ఈ మంత్రసాని కూతురు నొప్పులు పడే రోజున ఆమె కామందు ఇంట్లో ఉంది. కామందు కోడలికీ అదే రోజు నొప్పులు. కూతురి కాన్పు పక్కింటావిడ చేసింది.

ఇదంతా పాతకాలం అంటారా? సరే, ఈ కాలం సంగతి చెప్తాం.

మాలో ఒకరు ఒక ఆఫీసులో అవుట్‌సోర్సింగు మీద కంప్యూటర్ ఆపరేటర్. నాలుగేళ్ళ సర్వీసు. తొమ్మిదో నెల నిండేదాకా కుర్చీలో కూర్చుని పనిచేసింది. మార్చి 31తో కాంట్రాక్టు అయిపోతుంది, ఏటా మళ్ళీ రాస్తారు. ఈసారి అందరివీ రాశారు. ఈమెది మాత్రం "డెలివరీ అయ్యాక చూద్దాంలేమ్మా" అన్నాడు ఏజెన్సీ మనిషి. ఎంతో దయగా అన్నాడు. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోమన్నాడు. జీతం లేకుండా ఇచ్చేదాన్ని రెస్టు అంటారా, తీసెయ్యడం అంటారా?

చట్టం ఏం చెప్తోంది? కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన ఆడమనిషికి పూర్తి జీతంతో సెలవివ్వాలి. 1961 చట్టంలో అది 12 వారాలు, 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకి 26 వారాలైంది. ఆ చట్టం స్థానంలోకి తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ 26 వారాలే ఉంది. ఇ.ఎస్.ఐ. కట్టేవాళ్ళకి ఆ డబ్బు ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. మాకు ఆ కార్డూ లేదు. పర్మినెంటు కాదు కాబట్టి వర్తించదని ఏ గుమాస్తా చెప్పినా నమ్మకండి. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో రోడ్డు పని చేసే మస్టరు రోలు కూలి ఆడవాళ్ళ కేసులో సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తేల్చి చెప్పింది, రోజుకూలీలకీ ప్రసూతి హక్కు ఉందని. కాంట్రాక్టు గడువు మధ్యలో అయిపోయినా ఆ హక్కు ఆగదని 2023లో కవితా యాదవ్ కేసులో మళ్ళీ చెప్పింది. మట్టితట్టలు మోసిన అక్కలు కోర్టుకెళ్ళి సంపాదించిన హక్కు, ఏసీ గదిలో కూర్చునే మాకు తెలియలేదు. పిల్ల పుట్టి నెల దాటాక ఒక లాయరన్న చెప్తే తెలిసింది. అదీ మా చదువు!

ఈ హక్కు వెనక బాబాసాహెబ్ ఉన్నాడని మనలో ఎంతమందికి తెలుసు? రమాబాయికి ఐదుగురు పిల్లలు పుడితే నలుగురు చిన్నతనంలోనే పోయారు. మిగిలింది యశ్వంత్ ఒక్కడే. ఆఖరివాడు రాజరత్న 1926లో పోయాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ లేచి దాన్ని సమర్థించాడు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే అవసరం, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం మొయ్యాలి, అంతదాకా పని చేయించుకుని లాభపడేవాడు మొయ్యాలి అని వాదించాడు. 1929లో బొంబాయిలో ఆ చట్టం వచ్చింది. తర్వాత వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు గనుల్లో పనిచేసే ఆడవాళ్ళ ప్రసూతి చట్టానికి 1943లో సవరణ బిల్లు తెచ్చింది కూడా ఆయనే. విగ్రహానికి దండ వేసే చేతులకి ఈ బిల్లుల సంగతి తెలియాలి.

అయితే ఆ 26 వారాలు కూడా యజమాని అనేవాడు ఒకడు కనపడే చోటే. మిరపకోతకి పోయే అక్కకి యజమాని ఎవడు? మేస్త్రి నేను కాదంటాడు, రైతు నేను కాదంటాడు. ఆమె కోసం 2013 ఆహార భద్రతా చట్టంలో ఒక మాట రాశారు, ప్రసూతికి 6,000 రూపాయలకి తక్కువ కాకుండా ఇవ్వాలని. 2017లో పథకం పెట్టి మొదటి కాన్పుకి 5,000 చేశారు. అదీ విడతల్లో, ఆధారు, బ్యాంకు ఖాతా, టీకాల కార్డు అన్నీ సరిపోతే. 26 వారాలంటే 182 రోజులు. 5,000ని 182తో భాగించండి. రోజుకి 27 రూపాయలు. ఒక కొబ్బరిబోండం రాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనికొచ్చినవాళ్ళ ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళని చూడ్డానికి ఒక ఆడమనిషిని కూలి ఇచ్చి పెట్టాలని రాసుండేది. మా పల్లెలో ఆ చట్టం కింద ఎన్నో చెరువులు తవ్వారు. పిల్లల్ని చూడ్డానికి కూలిచ్చి పెట్టిన మనిషిని మాత్రం మేం ఒక్కనాడూ చూడలేదు.

ప్రభుత్వాన్నీ యజమానినీ తిట్టడం సుళువు. ఇప్పుడు మా ఇంట్లో మగాడి సంగతి. ఇది అతనే రాయాలని ఇద్దరం అనుకున్నాం, కానీ ఇద్దరి పేరు మీదే వెళ్తోంది.

మాలో ఆ రెండోవాడు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. కేంద్రప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటువాడికి ఏ చట్టమూ లేదు. నాలుగు రోజులు ఇచ్చారు. అదలా ఉంచండి. పిల్ల పుట్టిన తొమ్మిదోరోజు ఏప్రిల్ 14. కాలేజీకి సెలవే. పొద్దున ఏడింటికి తెల్లచొక్కా వేసుకుని బయల్దేరాడు. ఊరేగింపు, సభ, హాస్టల్లో ఇంకో సభ. సాయంత్రం సభలో అతను మాట్లాడిన అంశం ఏమిటో తెలుసా? అంబేద్కర్, స్త్రీల హక్కులు! పైన రాసిన 1928 సంగతులు అప్పుడే చెప్పాడు. బాగా చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

రాత్రి పదకొండింటికి ఇల్లు చేరితే, గదిలో బాలింత జ్వరంతో వణుకుతోంది. రొమ్ములో పాలు గడ్డకట్టి రాయిలా అయింది. అమ్మమ్మ ఆ రోజే ఊళ్ళో చావుంటే వెళ్ళింది. పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుంది. మూల తడిసిన గుడ్డల కుప్ప. ఫోను పద్నాలుగుసార్లు చేసిందట. సభలో ఉన్నాం కదా, మోగకుండా పెట్టాడు. ఆమె తిట్టలేదు. "శాలువా మెత్తగా ఉందా? పిల్ల కింద వెయ్యడానికి పొడిగుడ్డ లేదు" అంది.

ఆ రాత్రి శాలువా పిల్ల కిందే పరిచాం. తెల్లారి ఆస్పత్రికెళ్ళాం, మందులిచ్చారు, వేడినీళ్ళ కాపడం పెట్టి, పాలు ఆపకుండా పట్టించమన్నారు. నాలుగురోజులకి తగ్గింది. జ్వరం తగ్గిందిగాని ఏడుపు పట్టుకుంది. ఊరికే ఏడ్చేది. పిల్లని చూస్తే ఏడ్చేది. గాలి సోకిందన్నారు ఒకరు, తాయెత్తు కట్టించమన్నారు. బస్తీకొచ్చే ఏ.ఎన్.ఎం. అక్క చెప్పింది, కాన్పైన కొత్తలో చాలామందికి ఇలా ఉంటుంది, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి, ముందు ఆమెని వరసగా నాలుగ్గంటలు నిద్రపోనివ్వండి అని. తాయెత్తు కన్నా ఆ నాలుగ్గంటలే పనిచేశాయి. పదిరోజుల్లో తేరుకుంది. తేరుకోనివాళ్ళూ ఉంటారు. దాన్ని పొగరనో, దెయ్యమనో అనకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆ నాలుగ్గంటలు ఎక్కడ్నించి వచ్చాయి? మగాడి రాత్రిలోంచి వచ్చాయి. పాలిచ్చాక పిల్ల అతనిది. తేన్పు, గుడ్డ, జోల అతనివి. గుడ్డలు ఉతకడం అతనిది. కాళ్ళు చాపుకుని పిల్లని కాళ్ళమీద బోర్లా వేసుకుని నీళ్ళు పొయ్యడం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాడు. మొదటిరోజు చేతులు వణికి చెంబు వదిలేశాడు. మేడ కింద కుళాయి దగ్గర గుడ్డలు ఉతుకుతుంటే బస్తీ కుర్రాళ్ళు నవ్వారు, పల్లె నుంచి వచ్చిన బాబాయి "ఏరా, నీక్కూడా పురుడొచ్చిందా" అన్నాడు. మగాడు గుడ్డలు ఉతక్కూడదన్నది ఊళ్ళో పెత్తందార్ల ఇళ్ళల్లోంచి మన పల్లెలోకొచ్చిన జబ్బు. ఆలుమగలిద్దరూ కూలికిపోయే ఇంట్లో ముందొచ్చినవాళ్ళు పొయ్యి వెలిగించేవాళ్ళు, మా తాత వండేవాడు. అలాగని మన తాతలంతా మంచోళ్ళని మేం అనడం లేదు. తాగొచ్చి బాలింతని తన్నినవాళ్ళూ మన పల్లెలోనే ఉన్నారు. దాన్ని కూడా అగ్రకులాల ఖాతాలో రాసి చేతులు దులుపుకోవడం కుదరదు. దళిత స్త్రీలు ఈ మాట ఎప్పట్నించో చెప్తూనే ఉన్నారు. ఉద్యమాన్ని చీలుస్తున్నారని వాళ్ళని తిట్టిన సభల్లో మేమూ కూర్చున్నాం.

మే నెలలో రెండు మీటింగులకి అతను వెళ్ళలేదు. "పిల్ల పుట్టగానే ఉద్యమం వదిలేశావా?" అని ఒక అన్న ఫోను చేశాడు. ఆ అన్నకి ముగ్గురు పిల్లలు. వాళ్ళ ఇంటికి మేం చాలాసార్లు వెళ్ళాం. వెళ్ళినప్పుడల్లా పది మందికి టీ వచ్చేది, అర్ధరాత్రి అన్నం వచ్చేది. ఆ వదిన గొంతు మేం ఒక్కసారీ వినలేదు. ఇరవయ్యేళ్ళు ఆయన తిరగ్గలిగింది ఆమె తిరక్కపోబట్టే. అన్నా, కోపం తెచ్చుకోకు. ఈ పత్రిక నీకూ వస్తుంది కాబట్టే రాస్తున్నాం. వదినకి చదివి వినిపించు, చదవడం వస్తే ఆమె చేతికే ఇవ్వు.

మేం అడిగేవి పెద్దవేం కావు. జిల్లా మహాసభ తీర్మానాల్లో అట్రాసిటీ కేసుల పక్కన, భూముల పక్కన, కూలి బాలింతకి ఆర్నెల్ల కూలి అనే తీర్మానం ఒకటి పెట్టండి. 27 రూపాయలు కాదు, కనీస కూలి. సభలు పెట్టినప్పుడు పసిపిల్లల తల్లులు కూర్చోవడానికి నీడ, నీళ్ళు, పాలివ్వడానికి ఒక మూల చూడండి. పిల్లల్ని ఎత్తుకునే వంతు కుర్రాళ్ళకి వెయ్యండి, కుర్చీలు మోసే వంతు వేసినట్టే. అంగన్‌వాడీలో బాలింతకి ఆర్నెల్ల దాకా రావలసిన తిండి మీ పల్లెలో అందుతోందో లేదో ఒక్క ఆదివారం తిరిగి చూడండి.

ఏజెన్సీకీ, ఆఫీసుకీ మేం రాసిన కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపి పన్నెండు రోజులైంది. కోర్టు తీర్పులు రెండూ జతచేశాం. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. ఇంకో మూడు రోజులు చూసి లేబర్ ఆఫీసుకి వెళ్తాం. అదే ఏజెన్సీలో ఇంకో ఇద్దరు అమ్మాయిలకి ఏడో నెల. వాళ్ళూ వస్తామన్నారు. పిల్ల కూడా మాతోనే వస్తుంది, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. నాయనమ్మ సోమవారం ఊరెళ్ళిపోతోంది.